జమ్మి ఆకుతో చేతులు మారిన సెట్టు

ఈ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ నాడు, దసరాకు ఇంకా పది రోజులున్నాయనగా, మా అపార్టుమెంటు ఆడవాళ్ళంతా కింద పూలు పేర్చుకునే సందడిలో ఉండగా, నేను స్టూలెక్కి సజ్జ మీది నుంచి మా పాత టేప్ రికార్డర్‌ను దింపి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. కేసెట్టు చక్రాలు రెండూ బుద్ధిగా తిరిగాయి. పాట మాత్రం రాలేదు. నేను మొదట పెద్దగా కంగారు పడలేదు. లైటు వెలుగుతూ, చక్రాలు తిరుగుతూ, నోరు మాత్రం విప్పని ప్రాణి మా ఇంట్లో ఇంకొకటి ఉంది. అది రిటైరయిన నాటి నుంచి పొద్దున్నే పేపరు పట్టుకుని బాల్కనీలో కూర్చుంటుంది.

నా ఈడు వాళ్ళకు ఆ సెట్టు ఎలా ఉంటుందో వర్ణించక్కర్లేదు. చిన్న సూట్‌కేసు అంత ఒళ్ళు, అటూ ఇటూ రెండు స్పీకర్లు, మధ్యలో కేసెట్టుకు గాజు తలుపు, పైన మోసుకెళ్ళడానికి ఒక పిడి, సగంలో విరిగిన ఏరియల్. దుబాయి సరుకు. ఆ రోజుల్లో దుబాయి నుంచి మనుషులూ వచ్చేవాళ్ళు, వాళ్ళ వెంట సెట్లూ వచ్చేవి. గల్లీలో ఎవరికి ఎక్కువ గౌరవం దక్కేదో మీకు తెలుసు.

చదువుకున్నవాణ్ణి కనుక వైద్యం ఒక పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. సౌండు బిరడా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. కేసెట్టు మార్చాను. రేడియో పెట్టి చూశాను, అదీ మౌనవ్రతమే. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను పుల్లను దాని బొక్కలో దూర్చి తీశాను, ఒక్కోసారి లోపలి రేకు అతుక్కుపోయి సెట్టు తనకు ఇంకా ఇయర్‌ఫోను తగిలించే ఉందన్న భ్రమలో ఉంటుందని ఎక్కడో చదివిన గుర్తు. కరెంటు తీసేసి బ్యాటరీ సెల్లులు వేశాను. చివరికి మన తరం వాళ్ళందరికీ తెలిసిన అసలు వైద్యం, అరచేత్తో నెత్తి మీద ఒక్కటి కూడా వేశాను. లైటు ఇంకొంచెం బాగా వెలిగినట్టు అనిపించింది.

మా ఆవిడ తంగేడు పూలతో లోపలికి వచ్చి ఒక నిమిషం నిలబడి చూసింది. "బీపీ గోలీ ఏసుకునుడు యాది మర్శిపోతరు గని, దానికి దవా జేసుడు మాత్రం మర్వరు" అని మళ్ళీ పూల దగ్గరికి పోయింది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ సెట్టు దసరా లోపల పాడి తీరాలి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో మేం ముగ్గురం నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్ళం. అందరికంటే పెద్దవాణ్ణి పెద్దన్న అనేవాళ్ళం, ఆయన అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో కౌంటరు గుమస్తా; ముద్ర పడనిదాన్ని, తూకం వెయ్యనిదాన్ని ప్రపంచంలో దేన్నీ నమ్మేవాడు కాదు. అందరికంటే చిన్నవాణ్ణి చిన్నోడనేవాళ్ళం, అబిడ్స్‌లోనే ఒక బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే పని, వచ్చిన ఆడవాళ్ళు చీర కొనకపోయినా వాడి మాటలు విని పోయేవాళ్ళు. మధ్యలో నేను, లక్డీకాపూల్‌లో ఒక సర్కారు దఫ్తరులో గుమస్తాను, డిగ్రీ ఉన్నవాణ్ణి, అందుకని గదిలో ఫ్యూజు పోయినప్పుడల్లా నన్ను లేపేవాళ్ళు. రైలు వచ్చినప్పుడల్లా మా ఇనుప మంచాలు కొంచెం కొంచెంగా గోడ వైపు జరిగేవి, ఆదివారం వాటిని మళ్ళీ వెనక్కి లాక్కోవడం, తర్వాత అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి ఏదీ కొనకుండా రావడం, ఇదీ మా వారం. అలాంటి రోజుల్లో పక్క గల్లీకి దుబాయి నుంచి వచ్చినాయన ఆ సెట్టు అమ్ముతున్నాడని తెలిసి ముగ్గురం సమానంగా వేసుకుని కొన్నాం.

చిక్కు తర్వాత వచ్చింది. పెద్దన్నకు పెళ్ళి కుదిరి కాచిగూడలో వేరే ఇల్లు చూసుకున్నాడు. మూడు వాటాల సెట్టును రంపంతో కోయలేం కదా. చాయ్ మీద చాయ్ తాగి చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ఏడు. మారేది దసరా నాడు, జమ్మి పెట్టుకునేటప్పుడు. దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారం అని చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకోవడం మన దగ్గర అందరూ చేసేదే. మేం ఆ బంగారంతో పాటు సెట్టు కూడా ఇచ్చేవాళ్ళం. ఇచ్చేవాడు మోసుకుపోవాలి, తీసుకునేవాడు అన్నం పెట్టాలి. దీనికి పెద్దన్న తన పోస్టాఫీసు బుద్ధితో ఇంకో షరతు చేర్చాడు, తీసుకునేవాడు ఒక పాట మొదటి నుంచి చివరి దాకా విని సరే అంటేనే సెట్టు చేతులు మారినట్టు. పాడని సెట్టును ఎవరూ ఎవరికీ అంటగట్టగూడదు.

అలా అది నలభై ఏళ్ళ పైగా కాచిగూడ, నాంపల్లి, ఉప్పుగూడలో చిన్నోడి ఇల్లు, ఇలా తిరుగుతూనే ఉంది. మా ఆడవాళ్ళు ఒకరికొకరు పరిచయమైంది సెట్టు వల్లే. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు దానికీ టికెట్టు తీసుకొమ్మని, లేకపోతే కనీసం ఒక పాటైనా వినిపించమని దబాయించిన సంవత్సరం ఒకటి ఉంది. మిగతా ఏడాదంతా మేం కలిసేవాళ్ళం కాదు. నాంపల్లికీ కాచిగూడకూ మధ్య ఎంత దూరమో మీకు తెలుసు. ఆటోవాడు కూడా మొదట రానంటాడు, అంత దగ్గర. అయినా కలిసేవాళ్ళం కాదు. దసరా ఉందిగా అనుకునేవాళ్ళం.

చిన్నోడు పోయిన తర్వాత వచ్చిన దసరాకు వాళ్ళావిడ మా ఇంటికొచ్చి సెట్టు నా చేతిలో పెట్టి, "ఇగ మాకొద్దన్నా, మీరిద్దరే తిప్పుకోండ్రి" అంది. అప్పటి నుంచి ఇద్దరమే తిప్పుకుంటున్నాం.

ఈ ఏడు నేను పెద్దన్నకు ఇవ్వాలి. ఆయన భార్య పోయి చాలా కాలమైంది, మోకాళ్ళు సహకరించడం లేదు, దసరా కాగానే కాచిగూడ ఇల్లు ఖాళీ చేసి నిజామాబాదులో బిడ్డ దగ్గరికి పోతున్నాడు. ఆ సంగతి ఫోనులో చెప్పి, "సెట్టు నాతోని తీస్కపోత రా. తెచ్చిచ్చుడు నా మోకాళ్ళతోని గాదు, అది నా తాన ఉంటే వచ్చే దసరాకు దానికోసమన్న నువ్వు రాక తప్పదు గద" అన్నాడు. పెద్దన్న జీవితంలో ఎవరినీ రమ్మని పిలిచినవాడు కాదు. నాకు తెలిసి అదే ఆయన ఇచ్చిన మొదటి ఆహ్వానపత్రం.

అందుకని రోజూ ఫోను చేసేవాడు. పాడుతున్నదా అని అడిగేవాడు. లైటు వెలుగుతున్నదన్నా అనేవాణ్ణి. "లైటు మా ఇంట్ల గూడ వెలుగుతది, పాట ముచ్చట జెప్పు" అనేవాడు.

సెట్టును చీరగుడ్డలో మూటగట్టి అబిడ్స్ పోయాను. ఒకప్పుడు రేడియోలు బాగుచేసే దుకాణాలు వరసగా ఉన్న గల్లీలో ఇప్పుడు ఫోన్లకు తొడిగే చొక్కాలు వేలాడుతున్నాయి. ఒక దుకాణంలో పిల్లగాడు మూట విప్పి చూసి, దీన్ని అమ్ముతారా, మా మామ హోటల్లో షోకు పెట్టుకుంటం అన్నాడు. ఇంకొకాయన దాన్ని చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టి, మళ్ళీ కూర్చుని తన పని చూసుకున్నాడు. అడుగుతూ అడుగుతూ పోతే చివరికి మళ్ళీ నాంపల్లికే పంపించారు, మా ఇంటికి రెండు సందుల అవతల ఉన్న మెకానిక్ దగ్గరికి. ఆయన అసలు పని గణపతుల దగ్గర, పెళ్ళి బరాతుల్లో పెట్టే పెద్ద పెద్ద సౌండు పెట్టెలు. ఆ పెట్టెలు మోగితే మా అపార్టుమెంటు కిటికీలు ఏటా ఒక అద్దం రాల్చుకుంటాయి. మూగ సెట్టుకు ఇంతకంటే తగిన వైద్యుడు దొరకడనిపించింది.

ఆయనకు ధైర్యం మెండు. చూడగానే స్పీకర్లు పోయినయ్ అన్నాడు. స్పీకరుకు సెల్లు ఆనించి చూస్తే టక్కుమంది, అంటే బతికే ఉంది. అయితే తీగలే అన్నాడు, అవీ బాగానే ఉన్నాయి. అయితే లోపల ఐసీ చిప్పు పోయింది సార్, వంద శాతం, అని మొదటిసారి ఎంత నమ్మకంగా చెప్పాడో అంతే నమ్మకంగా చెప్పి మరలు విప్పి వెనక మూత తీశాడు. తీసి లైటు దగ్గరికి లాక్కున్నాడు.

"ఏంది సార్ ఇది? లోపట గుడి ఉన్నట్టున్నది."

వంగి చూశాను. బిరడా మొదట్లో, రేడియో నుంచి టేపుకు మార్చే మీట చుట్టూ, ఇయర్‌ఫోను బొక్క చుట్టూ, మీటల కింద ఇరుకుల్లో ఎక్కడ చూసినా పసుపూ కుంకుమా. కొన్నిచోట్ల పొడిగా, కొన్నిచోట్ల గడ్డకట్టి, ఒకచోట రెండు మూడు అక్షింతలు కూడా.

నాకు విషయం అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు. సెట్టు చేతులు మారేది దసరాకు. దసరాకు మన ఇళ్ళల్లో కత్తిపీట నుంచి స్కూటరు దాకా ప్రతి సామానుకూ పూజే. పోయే సెట్టు కదా అని ఇచ్చే ఇంట్లో ఒకసారి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చేవాళ్ళు, వచ్చిన సెట్టు కదా అని తీసుకునే ఇంట్లో ఇంకోసారి. స్కూటరుకైతే వానలో బొట్టు కడుక్కుపోతుంది, కత్తిపీటకైతే వంకాయతో పోతుంది. దీనికి ఎటూ పోయే దారి లేదు, అన్ని దసరాల భక్తీ లోపలికే జారింది. మా ఆవిడ మరీ నిష్ఠగల మనిషి, స్పీకరు జాలీ మీద కాకుండా సరిగ్గా బిరడాల మీద పెట్టేది, పాడేది అవే కదా అని.

"గింత కుంకుమ ఎవరు వోసిన్రు సార్?"

"భక్తులు" అన్నాను.

పెట్రోలు పెట్టి కుంచెతో కడిగాడు. గుడ్డ ఎర్రగా, పసుపుగా తడిసి బతుకమ్మ లాగా అయింది. మళ్ళీ కలిపి మీట నొక్కితే ఎడమ స్పీకరులో గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం గరగరమంది. నా గుండె ఆగినంత పనైంది. ఆ తర్వాత ఆగింది గరగరే. టేపుకూ రేడియోకూ మార్చే మీట లోపలి రేకులు తడి కుంకుమకూ కొబ్బరినీళ్ళకూ చిలుమెక్కి పాడైపోయాయి. అలాంటి మీట ఇప్పుడు ఎక్కడా తయారుకాదని నాలుగు చోట్లకు ఫోను చేసి చెప్పాడు, అందులో ఇద్దరు మీటంటే ఏమిటని అడిగారు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ నమ్మలేదు. "దేవునికి పెట్టే బొట్టు పెడ్తె ఖరాబైతదా? గట్లయితె మీరు ఎప్పుడో ఖరాబు గావాలె" అంది. నేను పోయి బీపీ గోలీ వేసుకున్నాను.

మర్నాడు మెకానిక్ తనే ఒక ఉపాయం చెప్పాడు. పాత యంత్రాన్ని అలాగే ఉంచి, స్పీకర్లకు ఒక కొత్త బ్లూటూత్ బోర్డు తగిలిస్తాడట. అప్పుడు జేబులో ఫోను ఉంటే చాలు, అందులో పాట ఈ స్పీకర్లలో మోగుతుందట. "చక్రాలు తిరుగుతనే ఉంటయ్ సార్. చూసెటోనికి కేసెట్టు పాడుతున్నట్టే." నేను రెండు రోజులు ఆలోచించాను. పాడాలన్నది షరతు, ఎలా పాడాలన్నది షరతులో లేదు. దఫ్తరులో ముప్పై ఏళ్ళు ఇలాంటి వాదనలు రాసి బతికినవాణ్ణి. పెట్టమన్నాను. పెట్టి కరెంటు ఇవ్వగానే సెట్టు లోపలి నుంచి ఒక దొరసాని, తాను అన్నిటికీ సిద్ధంగా ఉన్నానని ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించింది. ఆమెను తీసేయడం కుదరదా అని అడిగితే, బోర్డుతోనే వస్తది సార్, ఆమె లేకుంటే పాట లేదు అన్నాడు.

దసరా సాయంత్రం కాచిగూడలో పెద్దన్న ఇంటి కిందే, మెట్ల దగ్గర సెల్లుల మీద సెట్టు వేసి, దొరసాని ప్రకటన పూర్తయ్యాక, వాచ్‌మన్ ముఖం చూడకుండా పైకెక్కాను. ఇల్లంతా అట్టపెట్టెలు. నిజామాబాదు నుంచి బిడ్డ వచ్చి సామాను సర్దుతోంది. "చిన్నాయనా వచ్చినవా, నాయిన పొద్దటి సంది తలుపు దిక్కే చూస్తున్నడు" అని, వెంటనే పళ్ళెంలో పసుపు కుంకుమ తెచ్చి సెట్టుకు నాలుగు వైపులా బొట్లు పెట్టింది. వద్దనలేదు. ఇంకా చెడడానికి అందులో ఏమీ మిగల్లేదు.

పెద్దన్న కుర్చీలోనే కూర్చుని వేలితో తనే మీట నొక్కాడు. నేను జేబులో చెయ్యి పెట్టి, చూడకుండా ఫోను మీద తడిమి నొక్కాను. మా ఈడులో చూసి నొక్కినా సరిగ్గా పడదు; ఆ రోజు పడింది. ఫోనులో నేను ముందే దించి పెట్టుకున్న పాట, కేసెట్టులో మొదటిదే, మొదలైంది. పెద్దన్న కళ్ళు మూసుకుని కుర్చీ చెయ్యి మీద వేలితో తాళం వేస్తున్నాడు. బిడ్డ సర్దడం ఆపి నిలబడింది. పని అయిపోయిందనే అనుకున్నాను.

నేను మరచిపోయింది అతుకు. నాంపల్లి గదిలో ఒకసారి సెట్టు ఆ కేసెట్టు రీలును నమిలేసింది. సరిగ్గా ఈ పాటకే, రెండో చరణంలో. చిన్నోడు నలిగిన ముక్క కత్తిరించి, ఓనరు గారి కోడలిని అడిగి గోళ్ళరంగు తెచ్చి, రెండు కొసలూ అతికించాడు. ఒక పంక్తి మొత్తం పోయింది. పాట సగం మాట దగ్గర ఎగిరి తర్వాతి పంక్తిలో పడేది. మేం అలాగే నేర్చుకున్నాం, అలాగే పాడుకున్నాం. చిన్నోడు పెద్దన్న పెళ్ళిలో బ్యాండువాళ్ళ ముందు అలాగే పాడితే వాళ్ళు తాళం తప్పి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పంక్తిలో ఏ మాటలున్నాయో మా ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

పెద్దన్న వేలు అతుకు దగ్గర ఎగిరి ముందుకు పోయింది. పాట పోలేదు. పోయిన పంక్తి ఒక్క మాట కూడా వదలకుండా, శుభ్రంగా, చాలా బాగా వినిపించింది. ఆయన వేలు కుర్చీ మీద ఆగింది. కళ్ళు తెరిచాడు, పాట చివరిదాకా వినడం షరతు కనుక చివరిదాకా విన్నాడు.

"చిన్నోని అతుకేదిరా?"

ఫోను తీసి సెట్టు మీద పెట్టాను. వేలితో దాన్ని ఒకసారి తట్టాడు.

"దీంట్ల నుంచా?"

"దీంట్లకెంచే అన్నా."

"మరి కేసెట్టు?"

"ఊకెనే తిరుగుతున్నది."

"మన లెక్కనే" అన్నాడు. ఇద్దరం నవ్వాం. బిడ్డ మాత్రం నవ్వలేదు. తర్వాత ఆయన సెట్టు పిడి పట్టుకుని నా వైపు జరిపాడు, పోస్టాఫీసు కౌంటరులో తక్కువ స్టాంపులు అంటించిన పార్సెలును వెనక్కి జరిపినట్టు. "ఇది నా తాన ఉండదు. తీస్కపో."

సెట్టు లేకపోయినా నిజామాబాదు వస్తానన్నాను. నిజంగానే అన్నాను. ఆయన నా మోకాళ్ళ వైపు చూసి, ఏమాత్రం నిష్ఠూరం లేకుండా, నా మీద ఉన్న దయతోనే, "ఊకె ఎందుకొస్తవ్ రా, గంత దూరం?" అన్నాడు.

అన్నం పెట్టారు, తిన్నాం. బంగారం చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకున్నాం, ప్రతి ఏటి కంటే ఒక క్షణం ఎక్కువే. తర్వాత నేను సెట్టును ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చాను. ఇన్నేళ్ళలో దసరా నాడు నిండు చేతులతో వెనక్కి రావడం అదే మొదలు.

పెద్దన్న నిజామాబాదు వెళ్ళిపోయాడు. నేను ఆ పాటను ఫోనులో పంపాను, క్షణంలో అందింది, బిడ్డ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఇప్పుడు ఏ పాటనూ ఎవరింటికీ మోసుకుపోనక్కర్లేదు, మంచి సంగతే, నడుములు మిగులుతాయి. మన తరం మగవాళ్ళం ఎవరింటికి పోయినా చేతిలో ఒక వంక పట్టుకుని పోయినవాళ్ళం. లగ్గం పత్రికో, ఇస్త్రీపెట్టె తిరిగివ్వడమో, పాడే సెట్టో. వంకలన్నీ ఒక్కొక్కటిగా సౌకర్యంగా తీరిపోయాయి. ఊకెనే, ఏ పనీ లేకుండా, పోవడం మనకెవరూ నేర్పలేదు, ఇప్పుడు నేర్చుకుందామంటే సిగ్గు.

నిజామాబాదుకు కాచిగూడ నుంచి రైళ్ళున్నాయి. టైములు కనుక్కున్నాను. ఎందుకొచ్చినవ్ రా అని తలుపు దగ్గర అడుగుతాడు కదా, దానికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.